గడీలకు యజమానులెవరు?

(శతాబ్ది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ జరుపుకొనేటప్పుడు మనము సాధారణముగా కొన్ని లెక్కలు చెప్పుకొంటాము. ఏ గుడి ఏ సంవత్సరములో కట్టబడినది, ఏ అయ్యగారు ఎన్నేండ్లు పరిచర్య చేసినారు, ఏ ఊరిలో ఎన్ని కుటుంబములు బాప్తిస్మము పొందినవి అని. అవి చెప్పవలసినవే. ఈ సంచికలో ఇతర పెద్దలు వాటిని బాగుగా వ్రాసినారు. అయితే మమ్ములను మాట్లాడుమని అడిగినప్పుడు మాకు వేరొక కట్టడము జ్ఞాపకమునకు వచ్చినది. అది గుడి కాదు, గడి. అక్షరములో తేడా కొంచెమే గాని, మన తాతముత్తాతల బ్రతుకులో ఆ రెంటికీ మధ్య దూరము చాలా ఉండెను. వారు గుడిలోనికి రాకముందు గడి వాకిట నిలుచున్నవారు. కనుక మన సంఘ చరిత్ర మొదటి పుట బాప్తిస్మపు రిజిస్టరులో లేదు. గడి గోడలోనే ఉన్నది.

నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలో తిరిగే వారికి కొన్ని ఊళ్ళలో ఒక మట్టిదిబ్బ, దాని మీద తుమ్మచెట్లు, పక్కన విరిగిన రాతి గుమ్మము కనబడుతాయి. పిల్లలను అడిగితే “అది గడి సార్” అంటారు. ఎవరిది అని అడిగితే “దొరది” అంటారు. ఏ దొర అని అడిగితే చెప్పలేరు. ఆ దిబ్బను యంత్రముతో చదును చేసి ప్లాట్లు వేస్తే ఆ ఒక్క మాట కూడ పోతుంది. అది పోకముందే ఆ ఇండ్లు ఎవరివి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినవి, చివరకు ఎట్లు కూలినవి అనేది ఒకసారి తలచుకొందాము.

గడి అంటే ఉత్త ఇల్లు కాదు. కోటకును ఇంటికిని నడుమనుండే కట్టడము. చుట్టూ ఎత్తైన రాతి ప్రహరీ, మూలలందు బురుజులు, ఏనుగు పట్టేంత పెద్ద దర్వాజ, ఆ దర్వాజలో మనిషి తల వంచి దూరవలసిన చిన్న తలుపు. లోపల కచేరీ సావడి, దాని వెనుక నాలుగువైపుల టేకు స్తంభముల నడుమ ఆకాశము కనబడే భవంతి, ఆ వెనుక స్త్రీల ఇండ్లు, ధాన్యపు గరిసెలు, పశువుల కొట్టము, బావి. గోడలకు డంగుసున్నము. సున్నమును గానుగలో నూరి నూరి, నునుపు వచ్చేదాకా రాయితో రుద్దేవారు. ఆ చిన్న తలుపును గూర్చి మేమొకమాట చెప్పుతాము. లోపలికి వచ్చే ప్రతివాడు తల వంచక తప్పదు. అది కావలి కొరకు చేసిన ఏర్పాటే కావచ్చును, కాని దానిలో ఒక పాఠము కూడ ఉండెను. మనవారు ఆ పాఠమును తరతరములు నేర్చుకొన్నారు.

ఇక యజమానుల సంగతి. మన రెవెన్యూ కాగితములలో పహాణీ అని ఒకటి ఉండెడిది. రైతులైన మీకు చెప్పనక్కరలేదు. అందులో పట్టాదారు పేరుకు ఒక కాలము, అనుభవదారు పేరుకు మరొక కాలము. పట్టా ఒకరిది, అనుభవము మరొకరిది కావచ్చునని ఆ కాగితమే ఒప్పుకొన్నది. గడీల చరిత్రను కూడ ఈ రెండు కాలములతో చదువవచ్చును. అయితే పహాణీలో లేని మూడవ కాలము ఒకటి కావలెను. కట్టినవాడు ఎవడు అనే కాలము. ఈ మూడింటిని వరుసగా చూతాము.

మొదట పట్టాదారు. దేశముఖులు మొదటి నుండి భూస్వాములు కారు. నిజాము సర్కారు తరఫున గ్రామములలో శిస్తు వసూలు చేసి పంపే హక్కుదారులు. 1853లో మొదటి సాలార్‌జంగు దివాను అయిన తరువాత ఈ పద్ధతిని మార్చ పూనుకొన్నారు. 1865లో జిల్లాబందీ వచ్చినది. జీతము తీసుకొనే తాలూకుదారులు, తహసీలుదారులు వచ్చినారు. వసూలు పని పోయిన దేశముఖులకు, దేశపాండ్యాలకు పరిహారముగా రుసుములు ఏర్పాటు చేసినారు. పని పోయినది, కాని పలుకుబడి పోలేదు. ఏ భూమి ఎంత, దాని దస్తావేజు ఎక్కడ అనే సంగతి ఎరిగినవారు వారే. తరువాత సర్వే, బందోబస్తు జరిగినప్పుడు మంచి భూములు అనేకము వారి పేరనే ఎక్కినవి. దున్నేవాడు తన చేను తనదేనని అనుకొంటూ ఉండగానే కాగితము మీద అది మరొకరిది అయినది. అప్పు, నాగు, జుర్మానా అనే మూడు దారులలో మిగిలినది కూడ చేరినది. నాగు అంటే తెలియని చిన్నవారికి చెప్పుతాము. వానకాలములో తిండికి, విత్తనమునకు గింజలు అప్పు తెచ్చి, పంట రాగానే వడ్డీ గింజలు కలిపి కొలుచుట. ఒక్క ఏడు పంట పోతే ఆ కొలత తరము మారినా తీరేది కాదు.

ఈ విధముగా పెరిగిన వానిలో మన జనగామ ప్రాంతపు విసునూరు దేశముఖు ఆస్తి ప్రసిద్ధమైనది. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఆ భూమిని 40,000 ఎకరాలుగా చెప్పినారు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండెను. విసునూరు గడిలో రామచంద్రారెడ్డి, కడవెండి గడిలో ఆయన తల్లి జానమ్మ ఉండి అధికారము చేసినారు. ఒక మనిషి అంత నేలను చూచుటకే కొన్ని దినములు పట్టును. ఇక అనుభవించుట ఎట్లు? దున్నేవారు, మోసేవారు, కాసేవారు, జీతము అడుగనివారు వేలమంది ఉంటేనే అది సాధ్యము.

అందువలన మూడవ కాలమునకు వస్తున్నాము. గడిని కట్టినదెవరు? నిలిపినదెవరు? రాయి కొట్టినవారు వడ్డెరలు. కుండలు ఇచ్చినవారు కుమ్మరులు. బట్టలు ఉతికి, మేనాలు మోసి, విస్తళ్ళు ఎత్తినవారు చాకలివారు. గొర్రెను ఇచ్చినవారు గొల్లలు. కల్లు తెచ్చినవారు గౌండ్లవారు. చెప్పులు, మోటబొక్కెనలు, పలుపులు ఇచ్చినవారు మాదిగలు. ఊరూరికి చీటీలు మోసి, దొర బండి ముందు పరుగెత్తి, రాత్రి కావలి కాసినవారు మాలలు, మాదిగలు. దీనికే వెట్టి అని పేరు. కూలి లేదు, వేళ లేదు. పిలుపు వచ్చినప్పుడు ఇంట్లో జబ్బుమనిషి ఉన్నా, చేనులో పదును ఉన్నా వెళ్ళవలసినదే. పెండ్లికూతురి వెంట అత్తవారింటికి ఆడబాపలుగా ఇయ్యబడిన ఆడపిల్లల సంగతి తలచితే మాట రాదు. ఆ గడీల పట్టాలలో వీరిలో ఒక్కరి పేరు లేదు. కాని వీరు లేకుండ ఒక్క ఇటుక నిలిచినది లేదు.

మహబూబాబాద్ ప్రాంతపు చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్యులుగారు “చిల్లర దేవుళ్ళు” అనే నవలలో ఈ గడి బ్రతుకును చిత్రించినారు. మన మానుకోట బిడ్డ వ్రాసినది గనుక మన యువకులు తప్పక చదువవలెనని కోరుచున్నాము.

ఈ స్థితిలోనికే మన సంఘము వచ్చినది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించి, తమ సొంత కానుకలతో దోర్నకల్ ప్రాంతమునకు సేవకులను పంపినారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో స్వయముగా ఇక్కడికి వచ్చినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకము పొందినారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషపు అగుట అదే మొదలు. వారు గడి దర్వాజ దగ్గర ఆగలేదు, నేరుగా వాడలకు వచ్చినారు. వెట్టి చేసేవాని గుడిసెలో బడి పెట్టినారు. ఆదివారమున ఆరాధనకు కూర్చుందుమని మనవారు అన్నప్పుడు అది భక్తి మాట మాత్రమే కాదు. ఏడు దినములలో ఒక దినము నాది అని వెట్టివాడు అన్న మొదటి మాట అది. ఆ మాటకు ఎన్ని చోట్ల ఎన్ని దెబ్బలు తిన్నారో మన ముసలివారికి తెలియును.

మరొక దారి కూడ తెరచుకొన్నది. రైలు వచ్చినది. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు గనులు 19వ శతాబ్దపు చివర తెరచినారు. బొగ్గు దోర్నకల్ జంక్షను మీదుగా బయటికి పోయినది. చీకటి పడినాక ఊరు విడిచి గనులకు, రైలు పనికి పోయినవారికి మొదటిసారిగా చేతిలో కూలి డబ్బు పడినది. గని పని సుఖమైన పని కాదు. ప్రాణభయము గల పని. అయినను మనుష్యులు దానిని కోరుకొన్నారు. ఎందుకనగా అక్కడ పనికి లెక్క ఉండెను. తరువాతి కాలములో భూపాలపల్లిలో కూడ గనులు తెరచినారు. ఈనాడు మన సంఘములలో గని కార్మికుల కుటుంబములు ఉన్నవి. వారి తాతలలో ఎందరు గడి నుండి గనికి పోయినవారో వారే అడిగి తెలుసుకొనవలెను.

ఇక గడీలకు ఎదురు నిలిచిన కాలము. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము వెట్టిని గూర్చి మాట్లాడినది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశము జరిగినది. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైనారు. ఆయన కూడ బొల్లేపల్లి భూస్వామి కుటుంబములో పుట్టినవారే అన్న సంగతి మరువరాదు. పుట్టిన ఇల్లు మనిషిని కట్టివేయదు.

ఆ దినములలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అనే తల్లి ఉండెను. ఆమె మల్లంపల్లి దొర భూమిని కౌలుకు తీసుకొని పంట వేసినది. చాకలిది వ్యవసాయము చేయుటేమిటని విసునూరు దేశముఖు ఆ పంట మీదికి మనుష్యులను పంపినాడు. సంఘము కార్యకర్తలు నిలబడి ఆ పంటను కోసి ఆమె ఇల్లు చేర్చినారు. దానికి ప్రతిగా ఆమె ఇల్లు తగులబెట్టినారు, ధాన్యము ఎత్తుకొనిపోయినారు. ఆ ప్రాంతపు చరిత్ర చెప్పేవారు ఇంకొకటి కూడ చెప్పుతారు. ఐలమ్మ కుమారులు పాలకుర్తి పట్వారీ ఇంటిని కూల్చి, ఆ స్థలములోనే మొక్కజొన్న పండించినారని. ఈ మొక్కజొన్న సంగతి మేము చాలాసార్లు ఆలోచించినాము. ఇల్లు కూల్చినవారు ఆ స్థలములో తమకు ఇల్లు కట్టుకొనలేదు, అంగడి పెట్టలేదు. పంట వేసినారు. ఈ నేల అసలు దేనికొరకు ఉన్నదో చెప్పినట్లు వేసినారు. ఐలమ్మగారు 1985 సెప్టెంబరు 10న కన్నుమూసినారు. మనలో ఆమె కాలమున ఉన్నవారు ఇంకను కొందరు ఉన్నారు.

1946 జూలై 4న కడవెండిలో సంఘము జనము ఊరేగింపుగా పోవుచుండగా దేశముఖు మనుష్యులు తుపాకులు కాల్చినారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే చనిపోయినాడు. ఆయన అన్న మల్లయ్యకు గాయము తగిలినది. వార్త చుట్టుపక్కల ఊళ్ళకు పాకినది. వేలకొలది జనము వచ్చి గడిని చుట్టుముట్టినారు. ఇంతకాలము తల వంచి చిన్న తలుపులో దూరినవారు ఆ రోజున తల ఎత్తి పెద్ద దర్వాజ ముందు నిలుచున్నారు. పోలీసు బలగము వచ్చి గడిని కాపాడినది. గోడలు నిలిచినవి గాని, వాటి మీది భయము ఆనాడే కూలినది.

తరువాత రెండేండ్లలో గడీల అనుభవదారులు త్వరత్వరగా మారినారు. దొరలు అనేకులు పట్నమునకు పారిపోయినారు. కొన్ని గడీలలో రజాకార్లు, నిజాము పోలీసులు మకాము పెట్టినారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన సంగతి మీకు తెలిసినదే. ఆ ఊరు ఈనాడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది. ఊరి నడుమ బురుజు ఎక్కి జనము తమను తాము కాపాడుకొన జూచినారు. నిజాము సైన్యము, రజాకార్లు కలిసి వచ్చి వందకు దగ్గరగా మనుష్యులను చంపినారు. ఆ బురుజును ఊరివారు ఈనాటికిని చూపుతారు. గడి మూల బురుజైనా, ఊరి నడుమ బురుజైనా రాయి ఒకటే, సున్నము ఒకటే. ఒకదాని మీద ఊరిని బెదిరించేవాడు నిలిచినాడు. ఇంకొకదాని మీద ఊరు తానే నిలిచినది. కట్టడము మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు జవాబు కట్టడములో ఉండదు, దాని మీద నిలిచినవానిలో ఉండును.

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు పోలీసు చర్య జరిగినది. నిజాము పాలన అంతమైనది. అయితే జనము అనుకొన్నట్లు గడీలు వెంటనే ఖాళీ కాలేదు. మిలిటరీ వెంట పాత దొరలు కొందరు తిరిగి వచ్చినారు. జనము పంచుకొన్న భూములను మరల అడిగినారు. సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది. ఈ నడుమ 1949లో జాగీర్దారీ రద్దు అయినది. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారు అనే మాట పుట్టినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాగారి ముందు వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇచ్చి భూదానమును ప్రారంభించినారు. 1973లో భూపరిమితి చట్టము వచ్చినది. 1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దు అయినవి. 1985లో మండలములు వచ్చినవి. ఒక్కొక్క చట్టముతో గడి నుండి ఒక్కొక్క అధికారము బయటికి నడిచిపోయినది. ఊరి కాగితము గడిలో ఉండుట మానినది.

అప్పుడు ఆ ఇండ్లకు ఏమైనది? ఇక్కడ చాలామంది ఒక పొరపాటు మాట చెప్పుతారు. గడీలను ఉద్యమాలు కూల్చినవని. కొన్నింటి విషయములో అది నిజమే. 1980, 1990 దశకములలో తెలంగాణలో నక్సలైట్లు కొన్ని గడీలను పేల్చినారు. కాని ఎక్కువ గడీలను ఎవరును పేల్చలేదు. అవి తమంతట తామే పడినవి. ఎందుకు? ఒకసారి ఆలోచించండి. అంత ఇంటిని ఊడ్చుటకు ఎందరు కావలెను? బావి నీరు తోడుటకు, దీపములు పెట్టుటకు, ప్రతి వానకాలమునకు ముందు మిద్దె మీద సున్నము వేయుటకు, గోడలో మొలచిన రావిమొక్కను పీకుటకు ఎందరు కావలెను? ఆ చేతులన్ని వెట్టి చేతులు. వెట్టి ఆగినది. కూలి ఇచ్చి అంత ఇల్లు నిలుపుకొనే శక్తి దొరకే లేదు. ఒక ఏడు మిద్దె కురిసినది. మరు ఏడు దూలము నానినది. మూడవ ఏడు రావిమొక్క చెట్టైనది. గడిని కూల్చినది గునపము కాదు, మందుపాతర కాదు. పనికి కూలి ఇయ్యవలెననే న్యాయము. ఊరికే దొరికిన చేతుల మీద లేచిన ఇల్లు, ఆ చేతులు తీసివేయగానే నిలువలేదు.

యిర్మీయా ప్రవక్త గ్రంథము 22వ అధ్యాయములో, కూలి ఇయ్యక పొరుగువానిచేత పని చేయించుకొని విశాలమైన మేడ కట్టించుకొన్న రాజును గూర్చి ఉన్నది. ఇంటికి వెళ్ళి చదువుకొనండి. దేవదారు పలకలు, ఎర్ర రంగు, పెద్ద కిటికీలు అన్ని అందులో ఉన్నవి. మన గడీల వర్ణన వలెనే ఉన్నది. నాబోతు ద్రాక్షతోట సంగతి కూడ చదువుకొనండి. కాగితము సరిగానే ఉండెను, సాక్షులు ఉండిరి, ముద్ర ఉండెను. అయినను దేవుని లెక్కలో ఆ తోట అహాబుది కాలేదు.

పడిన తరువాత కూడ గడీలకు యజమానులు మారుచునే ఉన్నారు. కొన్ని ఊళ్ళలో గడి బడి అయినది, పోలీసు ఠాణా అయినది, హాస్టలు అయినది. కొందరు దొరల వారసులు తామే ఆ స్థలమును ఊరి బడికి ఇచ్చినారు. వారికి కృతజ్ఞత చెప్పవలసినదే. కొన్నిచోట్ల టేకు స్తంభములు, చెక్కిన దర్వాజలు బేరము పెట్టి అమ్మినారు. అవి నగరములో హోటళ్ళలోను, బంగళాలలోను అలంకారముగా నిలిచినవి. నిధులున్నవని రాత్రులు త్రవ్వినవారు కొందరు. రాళ్ళు మోసుకొనిపోయి పశువుల కొట్టములకు పునాదులు వేసుకొన్న ఊరివారు కొందరు. ఈ చివరివారిని మేము తప్పుపట్టలేము. వారి తాత మోసిన రాయి మూడు తరముల తరువాత వారి ఇంటికి వచ్చినది. కూలి ఆలస్యముగా ముట్టినదనుకొందాము.

ఒకానొక ఊరిలో సంఘ దర్శనమునకు పోయినప్పుడు ఒక ముసలి అవ్వను ఈ సంగతి అడిగినాము. “గడి పడ్డప్పుడు సంతోషపడ్డావా అవ్వా?” అని. ఆమె కొంచెము సేపు ఊరకుండి, “సంతోషమేంది అయ్యగారూ, మా అయ్య చెమట కూడ అండ్లనే పడ్డది గదా” అన్నది. ఈ జవాబులో ఉన్న బరువును మేము ఏ గ్రంథములోను చూడలేదు. ఆమెకు అది దొర ఇల్లు మాత్రమే కాదు. తండ్రి చేతి పని. అది కూలితే దొర గొప్పతనమూ పోయినది, తండ్రి గుర్తూ పోయినది. అందుకే మిగిలిన గడీలను పూర్తిగా తుడిచివేయుట మంచిదని మేము అనుకొనము. వాటికి సున్నము వేసి దొరల వైభవమని చూపుట అంతకంటె మంచిది కాదు. ఒక గోడ నిలిపి, దాని మీద కట్టినవారి కులముల పేర్లు, చేసిన పనుల పేర్లు చెక్కిన నాడు ఆ గోడ నిజము చెప్పును.

ప్రియులారా, ఇంతవరకు ఇతరుల ఇండ్లను గూర్చి మాట్లాడుట సులభముగా ఉండెను. ఇప్పుడు మన ఇంటికి రావలెను. మన సంఘమునకు కూడ కట్టడములు ఉన్నవి. దోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులు అందులో కలిసి ఉన్నవి. అజరయ్యగారు క్రైస్తవుల దాతృత్వమును గూర్చి ఎంతగా బోధించినారో పెద్దలకు తెలియును. పేదవారు కూడ పిడికెడు బియ్యమైనను తీసి పెట్టవలెనని నేర్పినారు. గడిలోనికి గింజ బలవంతముగా పోయెను. గుడిలోనికి గింజ ఇష్టపూర్వకముగా వచ్చెను. ఒకే చేయి, ఒకే గింజ. తేడా ఎంత ఉన్నదో చూడండి.

అయితే గుడి ఎప్పటికిని గడి కాజాలదని అనుకొనరాదు. మన మిషను కాలపు బంగళాలు, బడులు, ఆసుపత్రి స్థలములు, పొలములు ఉన్నవి. వీటి పట్టా ఎవరిది? కాగితము మీద సంస్థది. అనుభవము ఎవరిది? ఒక్కొక్కచోట కొందరు పెద్దలది. కట్టినదెవరు? తొలి విశ్వాసులది, ఎక్కడో దూరదేశములలో నాణెములు కూడబెట్టిన స్త్రీలది. ఈ మూడు కాలములు ఒకదానికొకటి దూరమైన నాడు మన బంగళా కూడ గడియే. ఆస్తి వ్యాజ్యములతో సంఘములు చీలుట, స్థలములు చేతులు మారుట, సామాన్య సభ్యునికి లెక్క చూపకుండుట మనము విననివి కావు. ఏ ఊరు, ఎవరు అని మేము చెప్పబోము. ఎవరికి వారు తమ ఆవరణలోనే చూచుకొనవలెను.

కనుక ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘము మూడు పనులు చేయవలెనని మనవి.

మొదటిది, ఊరిలో 80 ఏండ్లు దాటినవారి దగ్గర కూర్చుని, వారి అమ్మానాన్నలు గడిలో ఏ పని చేసినారో, ఆదివారము ఆరాధన ఎట్లు దొరికినదో వ్రాసి పెట్టవలెను. యౌవనుల సమాజము దీనిని తమ పనిగా తీసుకొనవలెను. వారి చేతులలో ఉన్న ఫోనులోనే గొంతు రికార్డు చేయవచ్చును. క్రైస్తవులను మాత్రమే అడుగవద్దు. చాకలి, కుమ్మరి, లంబాడి, గొల్ల కుటుంబములను కూడ అడుగండి. వెట్టి అందరిది, దాని జ్ఞాపకము కూడ అందరిదే.

రెండవది, సంఘపు స్థలము, కట్టడము, కానుకల లెక్కలను సంవత్సరమునకు ఒకసారి ఆరాధన తరువాత అందరియెదుట చదువవలెను. చదువురాని తల్లి కూడ లేచి ఒక ప్రశ్న అడుగగలుగవలెను. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు పెద్దలు కూడ లేచి నిలువవలెను. మన గుడికి తల వంచి దూరవలసిన చిన్న తలుపు ఉండరాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మన గుడి ఆవరణలను ఊడ్చేవారు, గంట కొట్టేవారు, కావలి కాసేవారు, హాస్టలులో వండే తల్లులు ఉన్నారు. వారికి జీతము ఎంత? ఎప్పుడు ఇచ్చుచున్నాము? దేవుని సేవ గదా అని సగము జీతముతో సరిపెట్టుచున్నామా? పండుగకు కొత్త రంగు వేయించి, ఊడ్చే ఆమెకు మూడు నెలల బాకీ ఉంచితే మనము జరుపుకొనుచున్న శతాబ్ది ఎవరిది? వెట్టి చేసినవారి మనుమలు మరొకరిచేత వెట్టి చేయించుట కంటె విచారకరమైనది మరొకటి లేదు. ఈ సంచిక ముద్రణకు ఎంత ఖర్చైనదో దానికి ముందు ఆ బాకీలు తీరవలెను.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలైనవి. కొత్త కార్యాలయములు, కొత్త రోడ్లు, కొత్త ప్లాట్లు వచ్చినవి. నేల ధర పెరిగినది. ధర పెరిగిన చోట పాత దిబ్బలు ఎక్కువ కాలము నిలువవు. ఇంకొక పదేండ్లకు మన పిల్లలకు “అది గడి సార్” అని చూపుటకు దిబ్బ కూడ మిగులకపోవచ్చును. అప్పటికి ఈ సంగతి మన సంఘ పుస్తకములలో వ్రాయబడి ఉండవలెను. పట్టాదారు ఎవరో రిజిస్ట్రారు కచేరీలో దొరుకును. కట్టినవారి పేర్లు మాత్రము మనము వ్రాస్తేనే ఉండును.

మన ముత్తాతలు చెమటోడ్చి ఇతరులకు ఇండ్లు కట్టినారు. మనము ఒకరి కూలి ఒకరము ఎగ్గొట్టని ఇల్లు కట్టుకొందుము గాక. అట్టి ఇంటిని వాన కూల్చదు. దేవుడు మన సంఘములన్నిటిని దీవించును గాక. ఆమెన్.